కండ్లు తిరుగుడు, చెవిల హోరు, వినపడకపోవుడు: ఏది ఎక్కడినుంచి వస్తుంది

(నల్గొండలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, గ్రామీణ వైద్యుల ముందు ఒక చెవి ముక్కు గొంతు వైద్యురాలు చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసింది.)

అక్కలకు, చెల్లెళ్ళకు, పల్లెల్లో వైద్యం చూస్తున్న అన్నలకు నమస్కారం.

"కండ్లు తిరుగుతున్నయ్" అని ఎవరైనా వస్తే మన ఊళ్ళల్లో జరిగేది మీకు తెలుసు. బీపీ చూస్తారు. కొంచెం అటూ ఇటూ ఉంటే బీపీ అంటారు. సరిగ్గా ఉంటే "మెడ నరాలు వత్తుకున్నయ్" అంటారు, లేదంటే "రక్తం తక్కువుంది" అంటారు. ఒక సూది, ఒక గ్లూకోజ్ సీసా, పది రోజుల మాత్రలు. దీనివల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. మంచం మీద పడుకోబెట్టి తల నాలుగు వైపులా తిప్పితే ఐదు నిమిషాల్లో తగ్గేదానికి నెలల తరబడి మాత్రలు మింగుతున్నారు. గంటల్లో ఆస్పత్రికి చేరాల్సిన వాళ్ళు ఇంట్లో పడుకుని ఉంటున్నారు. ఈ రెండూ ఆపగలిగేది మొదట చూసే మనిషే, అంటే మీరే.

అందుకని మూడు ప్రశ్నలు అడగండి. ఒక్కసారి వస్తే ఎంతసేపు ఉంటుంది? ఏం చేస్తే వస్తుంది? అప్పుడు చెవి ఎట్ల ఉంటుంది? "ఎట్ల తిరుగుతున్నయ్" అనే ప్రశ్న అందరం అడుగుతాం గానీ దాని మీద ఎక్కువ ఆధారపడకండి. ఇప్పుడు "గిర్రున తిరుగుతున్నయ్" అన్న మనిషే పది నిమిషాల తర్వాత "తల దిమ్ముగ ఉంది" అంటుంది. ఎంతసేపు, ఏం చేస్తే అనే వాటికి చెప్పే జవాబులు అట్ల మారవు.

ఎంతసేపు అని అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. "పొద్దంత ఉంటది" అంటారు. చాలాసార్లు అది నిజం కాదు, అబద్ధమూ కాదు. గిర్రున తిరిగేది అర నిమిషమే. ఆ తర్వాత భయం, వికారం, తల బరువు పొద్దంతా ఉంటాయి. అందుకే ఇట్ల అడగండి: "అవ్వా, మంచం మీద అటు దొర్లినప్పుడు ఇల్లు తిరిగింది గదా. కదలకుండ పండుకుంటే ఎన్ని లెక్కపెట్టేలోపు ఆగింది? ముప్పయ్యా? వందా? ఆగనే లేదా?" ఈ ఒక్క మాట మీదనే సగం రోగాలు విడిపోతాయి.

లోపలి చెవిలో రెండు పనులు ఒకే ద్రవంతో జరుగుతాయి. నత్తగుల్ల ఆకారంలో ఉన్న భాగం వింటుంది. దాని పక్కన మూడు వంపు గొట్టాలు, రెండు చిన్న సంచులు తల ఎటు కదిలిందో మెదడుకు చెబుతుంటాయి. మేస్త్రీ గోడకు లెవెల్ చూసే నీళ్ళ పైపు ఉంటుంది కదా, దాదాపు ఆ పని. వినికిడి నరం, తూకం నరం (ఒంటి నిలకడ చెప్పేది) కలిసే మెదడుకు పోతాయి. అందుకే కండ్లు తిరగడంతో పాటు చెవి మారిందా లేదా అని అడగడం అంత ముఖ్యం. చెవి మారితే జబ్బు దాదాపుగా లోపలి చెవిలోనే ఉన్నట్టు. దాదాపుగా అన్నాను, పూర్తిగా కాదు. ఎందుకో పక్షవాతం దగ్గర చెబుతాను.

మొదట అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది. మంచం మీద పక్కకు దొర్లితే, పైన దండెం మీద బట్ట తీయబోతే, వంగి నాటు వేస్తుంటే గిర్రున తిరుగుతుంది. నిమిషంలోపే ఆగుతుంది. వినికిడి మారదు, హోరు ఉండదు. పొద్దుగాల లేవంగానే ఎక్కువ. దీన్ని బీపీపీవీ అంటాం. ఆ పేరులో బీపీ ఉన్నా రక్తపోటుతో సంబంధం లేదు. లోపలి చెవి సంచిలో కాల్షియం కార్బొనేట్ పలుకులు అతుక్కుని ఉంటాయి. వయసు మీద పడ్డాక, తలకు దెబ్బ తగిలాక, చాలా రోజులు మంచం పట్టాక అవి ఊడి ఒక గొట్టంలోకి జారతాయి. ఎక్కువగా జారేది వెనక గొట్టంలోకే. తల కదిలినప్పుడల్లా అవి దొర్లి, తిరగని తలను తిరిగినట్టు చెబుతాయి. విటమిన్ డి తక్కువ ఉన్నవాళ్ళకు ఇది మళ్ళీ మళ్ళీ రావడం ఎక్కువ.

పరీక్ష చేసే పద్ధతి చెబుతాను, పీహెచ్‌సీ డాక్టరు దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి. మనిషిని మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టాలి. పడుకున్నప్పుడు భుజాల కింద ఉండేట్టు ఒక బొంత మడిచి పెట్టాలి. తలను కుడివైపు 45 డిగ్రీలు తిప్పి, అట్లనే పట్టుకుని, వేగంగా వెనక్కి పడుకోబెట్టాలి. తల 20 డిగ్రీల మేర కిందికి వాలాలి. కండ్లు మూసుకోనివ్వకండి. కనీసం అర నిమిషం చూడాలి, ఎందుకంటే వెంటనే రాదు, కొన్ని సెకన్లు ఆగి మొదలవుతుంది. కంటిపాపలు మెలి తిరుగుతూ పైకి కొట్టుకుంటాయి, నిమిషంలోపే ఆగుతాయి. అట్ల కొట్టుకుంటే జబ్బు కింద ఉన్న చెవిది. కుడివైపు రాకుంటే లేపి కూర్చోబెట్టి ఎడమవైపు చూడాలి. చాలామంది చేసే పొరపాటు ఐదు సెకన్లు చూసి "ఏం లేదు" అని లేపేయడం.

కుడి చెవి అని తేలితే అక్కడి నుంచే, పలుకులను గొట్టంలోంచి బయటికి పంపే ఎప్లీ పద్ధతి. తల అట్ల వాలి ఉన్నప్పుడే తిరుగుడు ఆగేదాకా, ఆ తర్వాత ఇంకో అర నిమిషం ఆగాలి. తలను మెల్లగా ఎడమకు 90 డిగ్రీలు తిప్పాలి, మళ్ళీ అర నిమిషం నుంచి నిమిషం. అప్పుడు మనిషి మొత్తం ఎడమ పక్కకు దొర్లాలి, ముక్కు నేల వైపు చూడాలి, మళ్ళీ నిమిషం. ఆ తర్వాత గడ్డం ఛాతీకి దించుకుని అదే పక్క నుంచి లేచి కూర్చోవాలి. లేచాక వెంటనే వదలకండి, భుజం పట్టుకుని ఉండండి, కొందరు ముందుకు పడిపోతారు. ఒకసారికో రెండు మూడు సార్లకో ఎక్కువమందికి తగ్గిపోతుంది. మాత్ర పలుకులను కదిలించలేదు. ఇంత సులువుగా తగ్గేదాన్ని "ఇది మీకు జీవితాంతం ఉంటది" అని చెప్పి పంపడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మన జిల్లాకే ప్రత్యేకమైన ఒక హెచ్చరిక ఉంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరోసిస్‌తో మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినా వాళ్ళ ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ ఒక్కసారిగా పోదు. వాళ్ళ మెడను వెనక్కి వాల్చకూడదు. వెన్నెముక లోపల దారి ముందే ఇరుకై ఉంటుంది, గుంజితే వెన్నుపాము నలుగుతుంది. మెడ ఆపరేషన్ అయినవాళ్ళకూ, కంటి రెటీనా ఊడినవాళ్ళకూ ఇదే మాట. వాళ్ళను పక్కకు పడుకోబెట్టి చేసే వేరే పద్ధతులు ఉన్నాయి, మా దగ్గరకు పంపండి.

ఇక ఆగకుండా తిరిగేది. ఉన్నట్టుండి మొదలై గంటలు, రోజులు అదే పనిగా తిరుగుతుంది. వాంతులు, నిలబడలేకపోవడం. కదిలితే ఎక్కువవుతుంది గానీ కదలకున్నా ఉంటుంది. ఇక్కడే ప్రాణం మీదికి వచ్చేది దాక్కుని ఉంటుంది, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను.

ఒకటి, తూకం నరం వాపు. జలుబు, జ్వరం తర్వాత తరచుగా వస్తుంది. వినికిడి బాగానే ఉంటుంది. మూడు నాలుగు రోజులు ఘోరంగా ఉండి, వారాల్లో సర్దుకుంటుంది. రెండోది లోపలి చెవి మొత్తానికీ వాపు, దీంట్లో ఆ పక్క చెవి వినపడదు కూడా. మూడోది, చిన్నమెదడుకో మెదడు కాండానికో రక్తం ఆగిన పక్షవాతం. మనకు పక్షవాతం అంటే చెయ్యి, కాలు పడిపోవడమే తెలుసు. మెదడు వెనక భాగంలో వచ్చేది చెయ్యి కాలు బాగానే ఉంచి, కండ్లు తిప్పి, వాంతులు మాత్రమే చేయించగలదు. చెవికి రక్తం తెచ్చే నాళం కూడా అక్కడినుంచే వస్తుంది, అది మూసుకుంటే కండ్లు తిరగడంతో పాటు ఒక చెవి వినపడకుండా పోతుంది. చెవి మారితే జబ్బు చెవిలోనే అని పూర్తిగా నమ్మొద్దన్నది అందుకే. షుగరు, బీపీ, పొగతాగుడు ఉన్న మనిషికి ఇట్ల వస్తే ముందు పక్షవాతమే అనుకోండి.

మీరు చూడగలిగే గుర్తులు చెబుతాను. మంచం మీద చేతులు కట్టుకుని, ఏమీ పట్టుకోకుండా కూర్చోమనండి. చెవి జబ్బు మనిషి ఊగుతాడు గానీ కూర్చుంటాడు, చాలావరకు పట్టుకుని నడుస్తాడు కూడా. అసలు కూర్చోలేక ఒక పక్కకు ఒరిగిపోతే అది మెదడు. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, నీళ్ళు మింగితే పొలమారడం, మూతి వంకర, ముఖం సగం తిమ్మిరి, గ్లాసు అందుకోబోతే చెయ్యి గురి తప్పడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, మెడ వెనక నొప్పి. వీటిలో ఒక్కటి ఉన్నా 108. రక్తపు గడ్డ కరిగించే మందును పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. మర్రిగూడ నుంచో దేవరకొండ నుంచో నల్గొండకో హైదరాబాదుకో పోయే దారి, అక్కడ స్కానింగు, అన్నీ ఆ నాలుగున్నర గంటల్లోనే. కాబట్టి "జర సూస్తం, గ్లూకోజ్ ఎక్కిద్దాం" అనే టైం లేదు. చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో చీటీ మీద రాయండి, అక్కడి డాక్టరు మొదట అడిగేది అదే.

ఇంకో మాట. సీటీ స్కాన్ బాగుందని వెనక్కి పంపితే నిశ్చింతగా ఉండొద్దు. రక్తస్రావం సీటీలో కనిపిస్తుంది, మెదడు వెనక భాగంలో కొత్తగా రక్తం ఆగింది మాత్రం చాలాసార్లు కనిపించదు. మొదటి రోజు ఎంఆర్ఐలో కూడా కొన్ని తప్పిపోతాయి. అందుకే నేర్చిన డాక్టర్లు కంటి కదలికలు చూస్తారు. తలను చటుక్కున పక్కకు తిప్పితే చూపు గురి మీదే నిలబడుతోందా, కంటిపాప కొట్టుకునే దిక్కు మారుతోందా, ఒక కన్ను పైకి ఒక కన్ను కిందికి ఉన్నాయా అని. ఆగకుండా తిరుగుతున్న మనిషిలో తల తిప్పినా చూపు చక్కగా నిలబడితే అది మంచి గుర్తు కాదు, చెవి బాగుంది కాబట్టి తప్పు మెదడులో ఉందని అర్థం. వచ్చి పోయే కండ్లు తిరుగుడులో ఈ పరీక్ష చేసి అర్థం తీయకూడదు.

నరం వాపే అని తేలాక వాంతి ఆగడానికి ప్రోక్లోర్‌పెరజిన్ రెండు మూడు రోజులు ఇవ్వొచ్చు. అంతకుమించి వద్దు. ఒక చెవి చెడితే రెండో చెవితో, కండ్లతో, పాదాలతో సర్దుకోవడం మెదడు నేర్చుకుంటుంది. ఈ మందులు ఆ నేర్చుకోవడాన్నే ఆపుతాయి. నెలల తరబడి ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ మింగిన ముసలివాళ్ళకు చేతులు వణకడం, అడుగులు చిన్నవి కావడం, ముఖం బిగుసుకోవడం వస్తాయి. దాన్ని మళ్ళీ వణుకు రోగం అనుకుని ఇంకో మందు పెడతారు. అది వద్దు, ముందు మాత్రల చీటీ చూడండి. నాలుగో రోజు నుంచి కావాల్సింది కదలిక. చెయ్యి చాపి బొటనవేలు కండ్ల ఎదుట పెట్టుకుని, చూపు దాని మీదే ఉంచి, తలను కుడికి ఎడమకు నిమిషం పాటు తిప్పాలి. రోజుకు నాలుగైదు సార్లు. మొదట్లో వికారంగా ఉంటుంది, ఆపొద్దని ఇంటివాళ్ళకు చెప్పండి.

గంటల లెక్కన వచ్చిపోయేవి రెండు. మెనియర్ జబ్బులో 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా తిరుగుతుంది. అదే టైంలో ఒక చెవి బిగేసినట్టు, నిండినట్టు ఉంటుంది, గాలివాన లాంటి హోరు వస్తుంది, వినికిడి తగ్గుతుంది. తిరుగుడు పోయాక వినికిడి తిరిగి వస్తుంది, కొన్నేళ్ళకు అట్ల రావడం తగ్గిపోయి చెముడు నిలిచిపోతుంది. హోరు, చెవి బరువు లేకుండా మెనియర్ అని పేరు పెట్టకూడదు. ఉప్పు తగ్గించమంటాం, రోజు మొత్తానికి ఒక చెంచా, అంటే 5 గ్రాములు, పచ్చళ్ళు, అప్పడాలు, వడియాల్లో ఉన్నది కలుపుకుని. ఉప్పు తగ్గిస్తే తగ్గుతుందనడానికి రుజువు గట్టిది కాదు, నష్టం మాత్రం లేదు. బీటాహిస్టిన్ విరివిగా రాస్తారు. 2016లో అచ్చైన జర్మనీ పరీక్షలో అది మందు లేని మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. రాసిన డాక్టరుతో మాట్లాడకుండా ఆపమని నేను అనను. దాని మీదే అప్పు చేసి నెలలు నెట్టకండి అంటాను.

రెండోది మైగ్రేన్. ఐదు నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఎంతసేపైనా ఉండొచ్చు. వెలుతురు, చప్పుడు పడవు. ఆ పూట తలనొప్పి ఉండకపోవచ్చు కూడా, కానీ చిన్నప్పటి నుంచి ఒంటి తలనొప్పి ఉందా, బస్సెక్కితే వాంతి అవుతుందా అని అడిగితే ఔనంటారు. నడివయసు ఆడవాళ్ళలో చాలా ఎక్కువ. మెడ నరాల పేరు మీద మెడపట్టీ కట్టుకుని తిరుగుతున్నవాళ్ళల్లో ఎంతోమందిది ఇదే. వయసు పెరిగేకొద్దీ చాలామంది మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనిపిస్తుంది. కనిపించింది కదా అని కండ్లు తిరగడానికి అదే కారణం అనడం సరికాదు.

చెవికి సంబంధం లేనివాటిలో ఒకటి లేచి నిలబడితేనే వస్తుంది. కండ్లకు చీకట్లు కమ్ముతాయి, కూర్చుంటే తగ్గుతుంది. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడండి. పైది 20 గానీ కిందిది 10 గానీ పడితే అదే కారణం. కూర్చోబెట్టి ఒక్కసారి చూసిన బీపీతో ఇది ఎప్పటికీ దొరకదు. ఎండాకాలం ఉపాధి పనికి పోయేవాళ్ళు, బీపీకి నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్ళు, ప్రొస్టేట్ మాత్ర వేసుకునే తాతలు ఎక్కువగా పడతారు. షుగరు మాత్ర వేసుకుని బువ్వ తినకుండా పొలానికి పోయినవాళ్ళకు చెమట, వణుకుతో వస్తే గ్లూకోమీటర్ పెట్టండి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళల్లో కలిపి వెంటనే, పావుగంటకు మళ్ళీ పరీక్ష. సోయి లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి. గుండె దడతోనో, హెచ్చరిక లేకుండా పడిపోవడంతోనో వస్తే ఈసీజీ కావాలి.

పడుకుంటే, కూర్చుంటే ఏమీ లేదు, నడిస్తేనే తూలుతున్నాడంటే అది వేరే దారి. పాదాల్లో స్పర్శ పోయిందా చూడండి, షుగరుతోనో బీ12 లోపంతోనో. ఫ్లోరోసిస్ ఊళ్ళల్లో కాళ్ళు బిగుసుకుపోవడం, మూత్రం పట్టు తప్పడం తోడుగా ఉంటే వెన్నుపాము నలుగుతోంది, ఆలస్యం చేయకండి. ఇంకొకటి కల్లు. చెట్టు కల్లు గురించి కాదు, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం అనే మత్తుమందులు కలిపిన కల్లు గురించి. అది తాగినప్పుడు తూలుతారు, అది అందరికీ తెలుసు. ఉన్నట్టుండి మానేసినప్పుడు కూడా చెయ్యి వణుకు, నిద్ర లేకపోవడం, ఫిట్స్, పిచ్చి మాటలు వస్తాయి. ఊళ్ళో కల్లు దుకాణం బందైన రెండు మూడు రోజులకు నలుగురైదుగురు ఇట్లనే వస్తే కారణం అక్కడ వెతకండి, ఇంట్లో పెట్టుకోకుండా ఆస్పత్రికి పంపండి.

నడిస్తే తూలేవాళ్ళల్లో ఇంకో రకం ఉంది, అది మన చేతులతో చేసింది. చీకట్లో అడుగు పడదు. నడుస్తుంటే ఎదురుగా బస్సు బోర్డు ఊగుతుంది, నిలబడితే ఆగుతుంది. గిర్రున మాత్రం తిరగదు, ఎందుకంటే రెండు చెవులూ సమానంగా చెడ్డాయి. ఈమధ్య ఏం సూదులు వేయించుకున్నారని అడగండి, జెంటామైసిన్ అంటారు. అది తూకం చెప్పే కణాలను చంపుతుంది. అమికాసిన్ వినికిడి కణాలను ఎక్కువ చంపుతుంది. చచ్చిన కణాలు తిరిగి పుట్టవు. కిడ్నీ సరిగా లేనివాళ్ళకు, ముసలివాళ్ళకు ప్రమాదం ఎక్కువ, సూది ఆపిన కొన్ని వారాలకు కూడా బయటపడవచ్చు. అన్నలారా, జ్వరానికో విరేచనాలకో 80 మిల్లీగ్రాముల జెంటామైసిన్ వేసే అలవాటు దయచేసి మానండి. దానికి అవసరమైన జబ్బులు ఉన్నాయి, అవి ఆస్పత్రిలో కిడ్నీ పరీక్ష చూసుకుంటూ వేసేవి.

ఇప్పుడు వినికిడి. అన్నింటికంటే ముందు ఉన్నట్టుండి పోయే చెవి. పొద్దుగాల లేచేసరికి, లేదా ఫోన్ ఆ చెవికి పెట్టినప్పుడు తెలుస్తుంది. తోడుగా హోరు. జలుబు అనుకుని, గులిమి అనుకుని, నూనె పోసుకుని పది రోజులు చూస్తారు. మూడు రోజుల లోపల ఇట్ల పడిపోయిన నరం వినికిడికి స్టెరాయిడ్ రెండు వారాల లోపల మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ, ఎంత తొందరగా అయితే అంత మేలు. ప్రెడ్నిసోలోన్ కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము, రోజుకు 60 దాటకుండా, 7 నుంచి 14 రోజులు, తర్వాత తగ్గిస్తూ. ఇది డాక్టరు రాయాల్సింది, షుగరు ఉన్నవాళ్ళకు షుగరు చూసుకుంటూ. మాత్ర పనిచేయకుంటే ఆరు వారాల లోపల కర్ణభేరి దాటి లోపలికి సూది ద్వారా ఇస్తాం.

గులిమా, నరమా అని పల్లెలో తేల్చడానికి పరికరం అవసరం లేదు. నోరు మూసుకుని "మ్‌..." అని గట్టిగా మూలగమనండి. చప్పుడు ఏ చెవిలో ఎక్కువ వినిపిస్తోంది? వినపడని చెవిలోనే ఎక్కువ వినిపిస్తే అడ్డు బయట ఉంది: గులిమి, చీము, కర్ణభేరి వెనక నీరు. బాగున్న చెవిలో ఎక్కువ వినిపిస్తే లోపలి చెవో నరమో చెడింది, ఆ మనిషిని ఆ రోజే పంపండి. పీహెచ్‌సీలో 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు నుదుటి మీద పెట్టి చూసేది కూడా ఇదే.

తలంటుకున్న వెంటనే చెవి మూసుకుపోయిందంటే గులిమి నీళ్ళకు ఉబ్బి ఉంటుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక లోపలికి పెట్టొద్దు, అవి గులిమిని ఇంకా లోపలికి తోస్తాయి, కర్ణభేరిని చీలుస్తాయి. చెవి కారిన చరిత్ర లేకుంటే మెత్తబరిచే చుక్కలు నాలుగైదు రోజులు వేసి తీయించుకోవచ్చు. చెవి కారే మనిషికి నూనె, ఆకు పసరు ఏదీ పోయొద్దు. శుభ్రమైన దూదిని వత్తిలా చేసి రోజుకు మూడు నాలుగు సార్లు చీము అద్ది తీయాలి, స్నానంలో వ్యాసలీన్ రాసిన దూది పెట్టుకోవాలి. కుళ్ళిన వాసన, చెవి ముందు గుండీని నొక్కితే కండ్లు తిరగడం, మూతి వంకర, చెవి వెనక వాపు: ఎముకను తినే పొర పెరుగుతోందని అర్థం, మందు చుక్కలతో పోదు, ఆపరేషన్ కావాలి. చెవి కారదు, కర్ణభేరి బాగుంది, కానీ కాన్పు కాన్పుకూ వినికిడి తగ్గుతోందని వయసు ఆడపిల్ల చెబితే చెవిలోని చిన్న ఎముక బిగుసుకుంటోందేమో చూడాలి, అది సరిచేయగలం.

ఇక చప్పుడు. మిర్యాలగూడ రైస్ మిల్లులు, జిన్నింగు మిల్లులు, కంకర క్రషర్లు, గ్రానైట్ కోత. వలసపోయి సొరంగాల్లో డ్రిల్లు పట్టిన పాలమూరు కూలీలు. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే అక్కడ 85 డెసిబెల్స్ దాటినట్టే. 85లో ఎనిమిది గంటలకు మించి ఉండకూడదు. ప్రతి 3 పెరిగితే టైం సగం: 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 100కి పావుగంట. బరాత్‌లో డీజే బాక్సు ముందు పిల్లలను ఎగరనిచ్చేవాళ్ళు ఆ పావుగంట గుర్తుపెట్టుకోవాలి. మొదట పోయేది సన్నని చప్పుళ్ళు, 4000 హెర్ట్జ్ దగ్గర. అందుకే "వినపడుతుంది గానీ సమజ్ కాదు" అంటారు. 'చాలు' అన్నా, 'పాలు' అన్నా మొదటి అక్షరం అందదు, 'ఆలు' మిగులుతుంది. అరిస్తే సమజ్ కాదు, ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పాలి. చెవిలో దూది పెట్టుకుంటే చప్పుడు ఆగదు. ఫోమ్ ప్లగ్ కావాలి. సన్నగా నలిపి, రెండో చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి వెనక్కి లాగి, లోపలికి పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. బయటికి సగం కనబడుతుంటే పెట్టనట్టే.

హోరు గురించి. రెండు చెవుల్లో, నిశ్శబ్దంలో, రాత్రిపూట గుయ్‌మనేది ఎక్కువగా చప్పుడు వల్లనో వయసు వల్లనో తగ్గిన వినికిడికి తోడుగా వచ్చేది. దాన్ని పూర్తిగా పోగొట్టే మాత్ర ఇప్పటిదాకా లేదు, ఉందని అమ్మేవాళ్ళను నమ్మకండి. వినికిడి మిషన్ పెడితే చాలామందికి హోరు వెనక్కి పోతుంది. రాత్రి ఫ్యాను, సన్నగా రేడియో పెట్టుకుంటే నిద్ర పడుతుంది. కానీ రెండు రకాల హోరు వదలకూడదు. ఒక్క చెవిలోనే, ఆ చెవి వినికిడి మెల్లగా తగ్గుతుంటే ఎంఆర్ఐ కావాలి, తూకం నరం మీద గడ్డ ఉండవచ్చు. అది క్యాన్సర్ కాదు, మెల్లగా పెరుగుతుంది, చిన్నగా ఉన్నప్పుడు దొరకాలి. రెండోది, గుండె కొట్టుకున్నట్టు ధక్ ధక్‌మనేది. మీరు మణికట్టు నాడి పట్టుకుని, హోరు లయను వేలితో మంచం మీద కొట్టమనండి. రెండూ కలిస్తే రక్తం తక్కువున్నా, బీపీ ఎక్కువున్నా, చెవి వెనక రక్తనాళంలో తేడా ఉన్నా కావచ్చు. హిమోగ్లోబిన్, బీపీ చూసి పంపండి.

(సభలో నుంచి ప్రశ్నలు)

"మేడం, చెవి చూసే మిషన్ లేకుండ వినికిడి ఎంతున్నదో మేం ఎట్ల చూడాలె?"

చెయ్యి చాచినంత దూరంలో వెనక నిలబడండి, పెదాలు కనబడకూడదు. చూడని చెవి గుండీని వేలితో నొక్కి రుద్దుతుండండి. ఊపిరి వదిలేసి, గుసగుసగా మూడు అంకెలు చెప్పండి, "నాలుగు, తొమ్మిది, రెండు" అట్ల. తప్పితే వేరే మూడు. ఆరింటిలో మూడు కూడా చెప్పలేకపోతే ఆడియోగ్రామ్‌కు, అంటే మిషన్‌తో చేసే వినికిడి పరీక్షకు పంపండి. కొత్త చెవికి కొత్త అంకెలు చెప్పాలి.

"మేనరికం పిల్లలకు ఎప్పుడు చూపించాలె?"

మేనరికమైనా కాకున్నా ప్రతి బిడ్డకూ నెలలోపు వినికిడి పరీక్ష, తేడా ఉంటే మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు మిషన్. మాటలు రాకుంటే "మేనమామకు కూడా లేటే వచ్చినయ్" అని మూడేళ్ళు ఆగొద్దు.

"మిషన్ పెట్టుకుంటే ఉన్న వినికిడి కూడ పోతదంటరు?"

ఆడియోగ్రామ్ చూసి సరిచేసిన మిషన్‌తో పోదు. బజారులో కొని అందరికీ ఒకే మోత పెట్టినదాంతో ఇబ్బంది ఉంటుంది. మొదటి వారం ఇంట్లో, నిశ్శబ్దంలో, రోజుకు రెండు గంటలు, తర్వాత పెంచుకుంటూ పోవాలి. తొలిరోజే పెళ్ళికి పెట్టుకుపోతే తీసి పెట్టెలో పడేస్తారు. కీ మని ఈల వేస్తే చెవిలో పెట్టే అచ్చు వదులైందో గులిమి చేరిందో చూడండి. చిన్న గుండ్రని బ్యాటరీ మీద స్టిక్కరు తీసాక వెంటనే వేయకండి, గాలి తగలడానికి ఒక నిమిషం బయట ఉంచి వేయండి, ఎక్కువ రోజులు వస్తుంది. రాత్రి మిషన్ తీసి, బ్యాటరీ తలుపు తెరిచి, మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి, వానాకాలంలో తప్పనిసరిగా.